చాదర్‌ఘాట్ అడ్డా, ఆదివారం

ఎమర్జెన్సీల రాత్రి డ్యూటీ దిగి
సీదా మా అడ్డకే వచ్చింది డాక్టర్ విభావరి.
యువ డాక్టర్ల సంఘానికి అధ్యక్షురాలట.
కుర్చీలు మోసింది తనే,
మైకు పలకకుంటే గొంతు చించుకున్నదీ తనే.

రబ్బరు బొమ్మ ఛాతీ మీద
మా ఆటోవాళ్ల చేతులు పెట్టించి
"గట్టిగా నొక్కన్నా, దీనికి నొప్పి తెలీదు" అంటే
అందరం నవ్వినం.

రెండో చాయ్ కాడ అడిగిన:
దీనికి జీతమెంత మేడమ్?

ఫైన్ బిస్కట్ ముంచి అట్లనే పట్టుకున్నది.
"మొన్న మలక్‌పేట నుంచి ఒకాయన్ని తెచ్చారు.
ఆటోలో పన్నెండు నిమిషాలు.
ఎవరూ చెయ్యి వెయ్యలేదు."

బిస్కట్ విరిగి చాయ్‌ల పడ్డది.

ఆ ఆటో నాదే.
చెప్పలే.
బొమ్మ కాడికి పోయి
మళ్ల లైన్ల నిలబడ్డ.