గురువారం గడి

ఎంబిటా రేవు దాటాక, ఎండబెట్టిన ఒమేనా చేపల వాసనా దాటాక,
చెప్పుల దుకాణానికీ ఫోన్లు చార్జింగ్ పెట్టే కొట్టుకీ మధ్య
ఒక నీలిరంగు రేకు తలుపు.
అపొండి క్లినిక్. రెండు గదులు. ఒక మంచం,
దాని కోడు కింద మడిచి తోసిన అట్టముక్క.

నా చంకలో పద్దెనిమిది పేజీల ప్రశ్నలు.
చేతులు కడగడానికి నీళ్లు? కుళాయి బిగించిన బకెట్‌లో ఉన్నాయి.
సూదుల పెట్టె? గీత దాటి నిండలేదు.
పరికరాలు ఆవిరిలో ఉడికినట్టు టేపు మీద నల్లచారలు?
జెనిఫా అపొండి కట్ట విప్పి చూపించింది,
లెక్క సరిపోయిన పిల్ల పలక చూపించినట్టు.
మంటలార్పే డబ్బా తలుపు పడిపోకుండా ఆనించి ఉంది.
రాసుకున్నాను.

తర్వాత ఫ్రిజ్.
పైన ప్లాస్టిక్ పువ్వులు. పక్కన మేకుకి
తాడుతో వేలాడే ఉష్ణోగ్రతల పట్టిక.
సోమవారం ఉదయం నాలుగు, సాయంత్రం నాలుగు.
మంగళవారం ఉదయం నాలుగు, సాయంత్రం నాలుగు.
ఇవాళే మంగళవారం. ఇంకా పదిన్నర కాలేదు.
బుధవారం నాలుగు.
గురువారం కూడా నాలుగే,
అదే సిరా, తొందర లేని అదే చేతిరాత.

"ముందుచూపు బాగుంది" అన్నాను.
ఆవిడ నవ్వలేదు.

తలుపు తీస్తే లోపల దీపం వెలగలేదు.
థర్మామీటర్ ఇరవై ఆరు అంది.
"ఆదివారం పోయింది కరెంటు. ముందు వారం కూడా అంతే.
మొదట్లో చూసే రాసేదాన్ని సార్,
రోజూ నాలుగే వచ్చేది.
రానురాను చెయ్యి కంటిని అడగడం మానేసింది."

సీసాలు ఒక్కొక్కటే కిటికీ దగ్గరికి తెచ్చాం.
ప్రతిదాని మీదా ఊదా వృత్తం, అందులో ఒక బుల్లి చదరం.
చదరం తెల్లగా ఉన్నన్నాళ్లు మందుకి ప్రాణం ఉన్నట్టు.
వేడి తగిలేకొద్దీ మబ్బు పడుతుంది.
చుట్టూ ఉన్న రంగులో కలిసిపోయాక
సీసాలో మిగిలేది నమ్మకం, నాలుగు చుక్కల నీళ్లు.
ఇరవై రెండింటిలో ఐదు ఇంకా తెల్లగానే ఉన్నాయి.
అనుమానం ఉంటే వాడకూడదని తొమ్మిదో పేజీ.

బయట బెంచీ మీద టకవిరి దీవి నుంచి
తెల్లారకుండా పడవెక్కి వచ్చిన రోజ్‌బెల్లా,
ఒళ్లో నాలుగు నెలల పిల్లవాడు.
టీకా కార్డు బ్రెడ్డు సంచిలో చుట్టి తెచ్చింది, తడవకుండా.
పోయిన నెల సూది ఇక్కడే వేయించిందట.
ఆ నెల చదరం ఏ రంగులో ఉందో
మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

జెనిఫా ఆమె ముందు నేల మీద కూర్చుని
లువో భాషలో చాలాసేపు మాట్లాడింది.
నాది కొండప్రాంతం, నాకు అర్థమైనవి మూడే మాటలు:
మంచు, చేపల కంపెనీ, తప్పు.
తిడుతుందనుకున్నాను.
పిల్లవాడి కాలు సవరించి, ఎప్పుడు రమ్మంటావని అడిగింది.
"గురువారం" అంది జెనిఫా.
లోపలికి వచ్చి గురువారం గడిలో నాలుగుని కొట్టేసింది,
కాగితం చిరిగేంత గట్టిగా.

నూటికి యాభై ఎనిమిది.
మూడు నెలల్లో మళ్లీ తనిఖీ. ఇద్దరం సంతకాలు పెట్టాం.
కాకిలెక్కల గురించి
ఎర్రసిరాతో ఒక పేరా రాశాను, వాక్యాలు బాగా కుదిరాయి.

రేవు దగ్గర మోటారుసైకిల్ సీటు మీద
నా లాగ్ పుస్తకం తెరిచాను.
బుధవారం, డెబ్బై ఆరు కిలోమీటర్లు.
గురువారం, నూట రెండు.
శుక్రవారం, ఎనభై నాలుగు, పెట్రోలు మూడు లీటర్లు.
నా రాతే. ఆదివారం రాత్రి టీ తాగుతూ రాసింది.

ఎవరూ ఏమీ అనలేదు.
అయినా ఎడమచెయ్యి భుజం దాకా వెళ్లి
దులపడానికేమీ లేక అక్కడే ఆగింది.

పడవవాడు కేక వేస్తున్నాడు.
పెన్ను మూత ఎక్కడో పడిపోయింది,
ఇసుకలో వెతుకుతున్నాను.