గొంతు డాక్టరు గది ముందు

టాంపెరేలో నవంబరు. మూడున్నరకే దీపాలు.
రెండో అంతస్తులో, లెహ్తోవారా డాక్టరమ్మ గది ముందు
ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చున్నారు
పోయిన వారం ఊరు అదరగొట్టిన వాళ్ళు.
నేను అక్కడ దీపం పట్టుకునే నర్సుని.
వాళ్ళ పాట ఒక్కటీ విన్న పాపాన పోలేదు గానీ
గొంతులు మాత్రం అడుగుదాకా చూశాను.

ఈ చివర టార్మో.
వేదికెక్కితే
పాతాళంలో ఎవరో బీరువాలు జరుపుతున్న చప్పుడు.
మాటలేమిటని అడక్కండి, రాసినవాడికీ అందవు.
యముడి దున్నకి అజీర్తి చేస్తే
సరిగ్గా అదే శ్రుతి.
అదే మనిషి పోయినసారి నా బల్ల దగ్గర కొచ్చి
"ఈ పార్కింగ్ చీటీ మీద ముద్ర వేస్తారాండీ" అన్నాడు,
పిచ్చుక పాలల్లో పంచదార కలుపుకున్నట్టు.

పక్కన యాస్కా. ఆకాశానికి చిల్లు పెట్టే కీచు.
అది గొంతులోంచి కాదు,
ఆ తోలు ప్యాంటులోంచి వస్తోందని డాక్టరమ్మ అనుమానం.
రెండు సైజులు పెద్దది తొడుక్కోమని మందుచీటీ మీదే రాసిచ్చింది.
బ్యాండువాళ్ళు ఒప్పుకోలేదట.

ఎలియెల్ సంగతి వేరు.
నోట్లో వేడి బంగాళాదుంప,
మింగలేడు, ఉమ్మలేడు,
దాంతోనే ప్రేమ గురించి చెబుతాడు.
ప్రతి చరణానికీ "య్యా...హ్" అని ఓ తోక.
అతని ఇంగ్లీషుని ఇంగ్లండువాళ్ళు ఫిన్నిష్ అనుకుంటారు,
ఇక్కడివాళ్ళు ఇంగ్లీషే అనుకుంటారు.
రెండు దేశాల్లోనూ ఎవరి మనసూ నొచ్చుకోదు.

హిల్లా ఒక్క అచ్చుని దొరకబుచ్చుకుందంటే
మెట్లన్నీ ఎక్కించి, దించి,
సందులన్నీ తిప్పి,
కాళ్ళు పట్టుకున్నా ఇంటికి పంపదు.

రెయిమాది గరుకు కాగితం.
ఆ గరగర కోసం ముప్ఫై ఏళ్ళు సిగరెట్లు పోసి పెంచుకున్నాడు.
"తాళం మీద చిన్న కణితుంది, తీసేద్దామా?" అంటే
చేతులు జోడించాడు,
"అమ్మా, నాకున్న ఆస్తి అదొక్కటే."

అందరికీ ఒకటే మందు: ఏడు రోజులు మౌనం.
అందుకే ఒళ్ళో చిన్న చిన్న పలకలు.
"నీ పాట బాగుంది" అని ఒకరు రాస్తే
"నీదీ" అని ఇంకొకరు.
ఎవరూ ఎవరిదీ వినలేదు.
ఆంప్లిఫయర్ల పక్కన బతికినవాళ్ళకి చెవులెక్కడివి?

అప్పుడొచ్చింది, బస్సు దిగి తల్లి భుజం మీద,
నాలుగు నెలల పాప. చెవిపోటు.
నోరు తెరిచింది.

గుర్రు, కీచు, గరగర,
హిల్లా మెట్లు, ఎలియెల్ తోక,
అన్నీ ఒక్క ఊపిరిలో.
మైకు లేదు. పొగ లేదు.
ఆ మాటకొస్తే ప్యాంటూ లేదు.
కిటికీ అద్దం సన్నగా వణికింది.

అయిదుగురూ లేచి నిలబడ్డారు.
టార్మో పలక మీద గబగబా రాసి తల్లికి చూపించాడు:
"ఎవరి దగ్గర నేర్చుకుంటోంది?"

లోపల దీపం నేనే పట్టుకున్నాను.
అంత అరిచిన గొంతులో
గులాబీ రంగు తప్ప గీత కూడా లేదు.

బయటికొస్తూ పాప
టార్మో గడ్డాన్ని గుప్పిట పట్టి
బలం కొద్దీ లాగింది.
అతని నోరు గుహలా తెరుచుకుంది.
మొత్తం జీవితంలో
నిజంగా అరవాల్సిన అవసరం మొదటిసారి వచ్చింది పాపం,
మౌనం మూడో రోజున.