ఏదో ఒక మీట నొక్కండి

రాత్రి పన్నెండు కావస్తోంది.
నీలి తెర మీద తెల్లటి అక్షరాలు:
ముందుకు వెళ్ళడానికి ఎంటర్ నొక్కండి.
నొక్కాను.
మళ్ళీ నొక్కాను,
లోపల మనిషి ఉన్నాడని తెలిసీ
తలుపు తియ్యని ఇంటి ముందు నిలబడి కొట్టినట్టు.

పొద్దున్నే పాత డిస్కు పీకేశాను.
ఎనిమిదేళ్ళు గరగరలాడుతూ తిరిగిన చక్రం.
ఉప్పుగాలికి కేబినెట్ మరలు తుప్పెక్కి
ఒకదానికి కొబ్బరినూనె పట్టింది
ఇంకోదానికి నా బొటనవేలి చర్మం.
కొత్తది పేకముక్కంత.
చేతిలో బరువు లేదు, చెవి దగ్గర పెడితే చప్పుడు లేదు.
ఇందులోకా వెళ్ళాలి
ముప్ఫై రెండు బోట్ల లెక్క?
ఎవరికెన్ని మంచుదిమ్మలు, ఎవరిది ఎంత డీజిలు బాకీ,
మైలపల్లి పోలమ్మ వేట లేని రెండు నెలలూ
వాయిదా వేసుకున్న వడ్డీ,
అంతా ఒక పెన్‌డ్రైవులో, ఒక బయటి డబ్బాలో
సర్దుకుని కూచుంది, నేనొక్క మీట నొక్కితే చాలని.

గోడ గడియారంలోంచి బ్యాటరీ తీశాను,
రిమోటులోంచి ఇంకొకటి.
కీబోర్డు నెత్తిన ఎర్ర చుక్క వెలిగింది. మాట్లాడుతోంది.
వినేవాళ్ళే లేరు.
వేలిగోరంత రిసీవరుని
ముందు రంధ్రంలోంచి వెనక రంధ్రానికి,
నీలం దాంట్లోంచి నల్ల దాంట్లోకి మార్చాను,
మొండి పిల్లని ఇటు బెంచీ నుంచి అటు బెంచీకి మార్చినట్టు.
ఎంటర్ నొక్కండి, అంటుంది తెర.
అంతకంటే మర్యాదగా ఎవరూ నన్ను ఏడిపించలేదు.

బాల్కనీలోకి వచ్చాను.
దూరంగా లంగరేసిన ఓడలు, ఏడో ఎనిమిదో దీపాలు.
ఎన్ని సముద్రాలు దాటొచ్చినా
డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఆ కాస్త కాలువ
ఏ కప్తానూ సొంతంగా దాటడు.
పైలట్ పడవ రావాలి,
తాడు నిచ్చెన పట్టుకుని
ఒక మనిషి పైకెక్కాలి.

బోట్లకి వైర్‌లెస్ సెట్లు బిగించే ఎల్లాజీకి ఫోన్ చేశాను.
నిద్రలోనే అన్నాడు:
"అక్కా, అదిప్పుడు పురిటి గుంట.
గాలిలో మాట దానికేటి తెలుస్తాది?
డ్రైవర్లు ఎక్కినాక వింటాది గానీ
ముందు తోకున్నది తగిలించు."
"తోకున్నది నా దగ్గర లేదురా."
"కాటా ఆఫీసులో ఉంది. బేగెల్లు."

హార్బరు దాకా నడిచాను.
వలల గుట్ట మీద పడుకున్న వాచ్‌మన్ దాలయ్య
తాళం ఇచ్చి అటు తిరిగి పడుకున్నాడు,
ఈ వేళప్పుడు ఎందుకని కూడా అడక్కుండా.
తూకం బల్ల కింద దొరికింది.
సున్నా అరిగిపోయింది, ఎక్కువ కొట్టేది అదే కదా.
మీటల సందుల్లో వంజరం పొలుసులు.
చంకలో పెట్టుకుని వస్తుంటే
కుక్కలు నా వెంట కాదు,
వేలాడే వైరు వెంట వచ్చాయి.

తగిలించాను.
మూడు పచ్చ దీపాలు ఒక్కసారి కళ్ళార్పాయి.
ఎంటర్.

తెర కదిలింది.

ఒక శాతం. నాలుగు. నాలుగు. నాలుగు.
పదకొండు దగ్గర టీ పెట్టుకున్నాను,
అరవై దగ్గర కునుకు పట్టింది.
బోట్ల ఇంజన్లు దడదడమని రేవులోకి వస్తుంటే లేచాను.
పోలమ్మ పేరు తెర మీద ఉంది,
వడ్డీతో సహా.

అప్పుడు పలికింది తోకలేనిది,
రాత్రంతా ఏమీ జరగనట్టు
ఏ అక్షరం కొడితే ఆ అక్షరం.
కోపం రాలేదు. దాని భాష వచ్చిన వాళ్ళు
అప్పటికి లోపల లేరు, అంతే.

కాటా ఆఫీసు వాళ్ళది వాళ్ళకి తుడిచి ఇచ్చేశాను.
చిటికెన వేలికంటిన పొలుసు మాత్రం
మూడుసార్లు కడిగినా పోలేదు.
మా గోడ మీద ఇప్పటికీ
పన్నెండుకి పది నిమిషాలు.