పన్నెండో కుర్చీ

పన్నెండు కుర్చీలు, పదకొండు జతల కాళ్లు.
అన్నీ ఇంటికాడే సబ్బుతో రుద్దుకొచ్చినవి.
హెడ్మాస్టరు పాదాలకైతే పౌడరు వాసన కూడా.
ఎర్రగుంట్ల సంఘపెద్దను నేను,
నడుముకు తువ్వాలు చుట్టుకొని
మోకాళ్ల మీద జరుగుతా ఉన్నాను.
కింద పరిచిన బండలు నా గనివే.
వాకిలి పక్కన నా పేరు చెక్కిన పలక కూడా.

జ్వరమని తిమోతిరావు రాలేదు.
పాస్టరు వెనక వరసలోంచి
ఏనోషును పిల్చి కూర్చోబెట్టినాడు.

గనిలోంచి నేరుగా వచ్చినాడు వాడు.
మడమ పగుళ్లలో నాపరాతి దుమ్ము.
ఎడమ బొటనవేలికి గోరు లేదు,
అది ఊడినరోజు
టీకి డబ్బులిచ్చి ఇంటికి పంపినాను.

రుద్దినాను.
పళ్లెంలో నీళ్లు బూడిదరంగుకు తిరిగినాయి.
రుద్దేకొద్దీ వస్తానే ఉంది.
ఈస్టరు కానుక కవరు
జేబులోంచి తొడకు గుచ్చుకుంటా ఉంది.

వాడు వంగి, నాకు మాత్రమే వినపడేట్టు:
"సాల్లేన్నా, అది పోయేది కాదు.
మూడు వారాల కూలి సంగతి సూడు."

కీర్తన ఎత్తుకున్నారు.
అందరూ లేచి నిలబడినారు.
నేనింకా కిందే,
ఆరిపోయిన కాలినే
తుడుస్తా.