కొసరు

వారాసిగూడ మలుపుల, పిండిగిర్నీ పక్క దుకాణం మాది.
ఇరవై రెండేండ్లు నోటితోనే లెక్క చేసిన,
చీటీ కావాలంటే సిగరెట్ డబ్బా చింపి రాసిచ్చిన.
ఇప్పుడు మా పిలగాడు తెచ్చిన మిషను ఒకటి
గల్లాపెట్టె పక్కన కూసొని
కిర్రుమని నాలుక బయటపెడ్తది.

మొన్న రహమతున్నీసా అక్క
ఆ నాలుకను కండ్లజోడు దాకా తెచ్చుకొని చదివింది.
బియ్యం సంచి నాలుగు వందలు,
కింద ఒక పది,
దాని కింద ఇంకో పది.
"గీ ఇద్దరెవరే రుక్కమ్మా?
మా దస్తర్‌ఖాన్ మీద ఎన్నడు కూసోలే గదా!"
ఒకరు ఢిల్లోళ్లు, ఒకరు మనోళ్లే, అని చెప్పిన.
"మనోళ్లయితే చేతులు కడుక్కొని రమ్మను,
ఎసరు పెడ్త."
నవ్వినం ఇద్దరం.
ఇరవై రూపాయలు మాత్రం నవ్వకుంట గల్లాల పడ్డయి.

చిత్రమేందంటే
గోనెసంచిలకెల్లి చాటతో తీసి జోకితే పన్ను లేదు.
అవే గింజలు సంచిల దూరి,
మూతి కుట్టించుకొని,
పొట్ట మీద ఒక పేరు రాయించుకుంటే
నూటికి ఐదు.
మా అమ్మ నాకు పేరు పెట్టనీకి ఏడాది ఆగిందంట.
ఎందుకాగిందో ఇన్నేండ్లకు సమజైంది.

రేట్లు తగ్గినయని టీవీల చెప్పిన తెల్లారి
షట్టరు సగం లేపకముందే ఇస్త్రీ వీరేశం వంగి తొంగిచూసిండు.
"సబ్బు తగ్గిందట గదా వదినా?"
ఇది పాత సరుకు వీరేశం, అన్న.
అంటుంటే నాకే సిగ్గయింది.
అదే మాట బేగంబజార్ల సేఠు నాతోని అన్నడు,
సేఠుతోని ఏజెంటు అన్నడట,
ఏజెంటుతోని ఎవరన్నరో, ఆ పైన మెట్లు నాకు కనపడవు.

పెరిగే ధర అర్ధరాత్రి గోడ దూకి వస్తది,
కుక్క గూడ మొరగదు.
తగ్గే ధర, పెండ్లిల అలిగిన బావ.
పందిరి గుంజకు ఆనుకొని అక్కడే నిలబడ్తది,
ఎవరన్న పోయి చెయ్యి పట్టుకొని తేవాలె.

మధ్యాహ్నం బేరం లేనప్పుడు
ఒక నూనెసీస మీద చీటీ గోటితో గీకిన.
కింద ఇంకొక చీటీ.
దాని కింద ఇంకొకటి.
అన్నిటికంటె అడుగున మా ఆయన చేతిరాత, నీలి పెన్నుతోని,
ముప్పై రెండు.
లోపలికి పోయి చూపిచ్చిన.
"ఇంకా అమ్మలేదా దాన్ని?" అన్నడు టీవీ మీదికెల్లి కన్ను తియ్యకుంట.

ఒక్క బిస్కెట్ పుడనే మాట తప్పలే.
ఐదంటే ఐదే, నా పిలగాడు బడికి పోయిన నాటినుంచి.
ఏమో అనుమానమొచ్చి తక్కెట్ల పెట్టిన.
ధర నిలబడ్డది,
బిస్కెటే బక్కచిక్కింది,
ఇంటి పరువు కోసం ఉపాసముండే కోడలు లెక్క.

సాయంత్రం ఆ ఐదు బిళ్ల పట్టుకొని
పొట్టి నర్సింగ్ వచ్చిండు.
పుడ ఇచ్చిన.
చెయ్యి తియ్యలే, ఇంకా చాపే ఉంచిండు.
ఆ చెయ్యి నాకెరుకే.
వాళ్ల నాయిన గూడ అట్లనే నిలబడేటోడు ఇదే గడప ముందు,
"కొసరెయ్యక్కా" అని.
డబ్బాల చెయ్యి పెట్టి పిడికెడు పుట్నాలు పోసిన.
మిషను చూసుకుంట ఊకున్నది.
దానికి కొసరు మీట లేదు.

రాత్రి పదింటికి పిలగాడు లెక్క తీసి తల గోక్కున్నడు.
"పుట్నాలు కిలోంబావు తక్కువున్నయమ్మా,
ఈ నెల గూడ."
ఎలుకలని రాసుకో, అన్న.
రాసుకున్నడు.
ఎలుకల మీద నూటికెంతో
ఇంకా ఎవరు అడగలే.