ఏడో మెట్టు

గిరొకాస్త్రలో వాన పడితే
కప్పులన్నీ వెండి పూత పూసుకుంటాయి.
రాతి కప్పులు మావి. పెంకులు కావు, రేకులు కావు,
మనిషి భుజమంత వెడల్పు నాపరాళ్ళు
చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి.
ఒక ఇంటి కప్పు దించాలంటే
ముందు ప్రతి రాయికీ సుద్దతో నెంబరు వెయ్యాలి.
ఆ పని నాది.
మా నాన్న సోతిర్ రాళ్ళను పేరుపెట్టి పిలిచేవాడు,
నేను అంకెలతో సరిపెట్టుకుంటున్నాను.

పాత బజారు వెనక పేట మొత్తం బాగుచేస్తున్నాం.
డబ్బు ఎక్కడినుంచో వచ్చింది, వెంట ఒక బోర్డూ వచ్చింది.
బోర్డు మీద నీలం ఆకాశం, పూలకుండీలు,
టోపీలు పెట్టుకున్న జంట ఒకటి దేన్నో చూసి నవ్వుతూ.
మా పేటలో ఆకాశం ఆ రంగులో
ఏడాదికి నలభై రోజులుంటుందేమో.

జుహ్రా అత్త ఇల్లు నలభై ఒకటి.
పై అంతస్తు మూడు గదులూ అతిథులకు,
ఒకప్పుడు మేకలు కట్టేసిన చోట
పొద్దున కాఫీ, చీజు, తేనె. ఇదీ ప్లాను.
ఒప్పుకుంది. పింఛను కట్టెలకే చాలదు మరి.
ఒక్క మాటే అడిగింది:
"ఏడో మెట్టు ముట్టుకోకండి."

పద్దెనిమిది మెట్లలో పదిహేడు రాయి.
అదొక్కటే సిమెంటు, బూడిదరంగు ముద్ద,
దాని మీద నాలుగు కోడి అడుగులు.
నాలుగోది కాస్త జారింది.

టిరానా నుంచి వచ్చిన ఇంజినీరమ్మ ఎర్మిరా
కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషి కాదు పాపం,
ఈసారి నిజంగానే కోడితో వచ్చి పడింది.
"సున్నం ఊపిరి పీలుస్తుంది, ఇది పీల్చదు.
తడి లోపలే ఉండిపోతుంది,
మంచు పడే నెలలో పక్క రాళ్ళను పగలగొడుతుంది."
ప్రతి అక్షరం నిజం.
నేను తల ఊపాను,
జుహ్రా అత్త వైపు చూడకుండా ఊపాను.

అత్త ఎనిమిదో మెట్టు మీద కూర్చుంది,
చెప్పులు విడిచి, కాళ్ళు ఆ అడుగుల పక్కన పెట్టి.
తొంభై ఏడు వసంతం అది.
పొదుపు కంపెనీలు కూలి
ఫెజి ఇరవై ఏళ్ళ కూడబెట్టు గాలికి పోయింది.
రాత్రిళ్ళు బజారులో ఎవరెవరో తుపాకులు పేల్చేవాళ్ళు,
పెళ్ళికీ కాదు, పగకీ కాదు.
అప్పుడే మెట్టు విరిగింది.
రాయి తెచ్చేవాడు లేడు, కొనే చెయ్యి లేదు.
పక్కింటి అరబస్తా సిమెంటుతో
ఫెజి మోకాళ్ళ మీద కూర్చుని మెట్టు పోశాడు.
ఇలా తిరిగేసరికి పొట్టితోక పెట్ట
దొరసానిలా ఎక్కి వెళ్ళింది.
తాపీ విసిరాడు. తగల్లేదు.
తర్వాత ఇద్దరూ నవ్వారట, కడుపు పట్టుకుని, ఏడుపొచ్చేదాకా.
"ఆ ఏడాదంతటికీ ఉన్న నవ్వు అదొక్కటే.
దాన్ని ఏ నెంబరు కింద రాసుకుంటారు?"

ఎర్మిరా కాగితాలు తిరగేసింది.
ఆ గడి లేదు.

సాయంత్రం చుట్టూ ఉలితో గాడి తీశాను,
గోరంత గోరంతగా.
ముద్దను ముద్దగానే లేపి, కింద సున్నం పరిచి,
మళ్ళీ అక్కడే కూర్చోబెట్టాను.
'ఏడో మెట్టు: పరిశీలనలో ఉన్నది' అని రాసింది ఎర్మిరా.
ఇంకా పరిశీలనలోనే ఉంది.

జూన్లో అతిథులు దిగారు.
అత్త మేనల్లుడు తౌలంత్
వాళ్ళను మెట్ల మధ్య ఆపి, గొంతు తగ్గించి,
"మూడు వందల ఏళ్ళ నాటి కోడి," అంటున్నాడు.
ఫోన్లన్నీ దాని మీదికి వంగాయి.
ఒకామె జారిన అడుగును వేలితో తడిమి చూసింది,
జ్వరం చూసినట్టు.
వంటగదిలోంచి అత్త అరిచింది మా భాషలో,
"అబద్ధాలకోరూ, పొట్టితోక అని చెప్పు!"
వాళ్ళు పాటేమో అనుకుని చప్పట్లు కొట్టారు.

నేను పక్కింటి కప్పు మీదున్నాను,
రెండొందల పన్నెండో రాయి ఎత్తుతూ.
దాని కింద నిరుటి పిట్టగూడు,
పుల్లలు, దారప్పోగు, ఎవరిదో కోటు గుండీ.
సుద్దముక్క పట్టుకుని కాసేపు ఆగాను.
ఆ గుండీ మీద పట్టినంతలో, చిన్నగా రాశాను:
రెండొందల పన్నెండు బై ఒకటి.