పాల వావి

కర్నూలు పెద్దాసుపత్రి, కాన్పుల వార్డు. రాత్రి రెండున్నర.
హంద్రి మీంచి వచ్చే గాలి
ఫినాయిలు వాసన దగ్గరే ఆగిపోతాది.

ఒక బిడ్డ ఏడిస్తే
వరసలో ఉండే పదకొండు మందీ ఏడుస్తారు.
ఇరవై రెండేండ్లుగా సూస్తాండా.
పక్కోళ్ల ఏడుపు తమదనుకోవడం
ఎవురు నేర్పినారప్పా వీళ్లకు?
ఇంకా పేరన్నా పెట్టలేదే.

తెల్లారితే నేర్పేవాళ్లు వస్తారు.
కుడి చెవిలో అజాన్ చెప్పేటాయన,
నాలిక మీద ఆముదం రాసే అవ్వ.
దుప్పటి మీద చెయ్యి పెట్టి, కండ్లు మూసి,
స్తోత్రం స్తోత్రం అంటా ఏడ్చే అమ్మ.
నేనూ నేర్పుతా:
మగబిడ్డయితే ఐదునూర్లు, ఆడబిడ్డయితే రెండునూర్లు.
ఈ రేటు నేను పెట్టింది కాదు.
నాకు ముందుండే ఆయమ్మ పెట్టింది,
ఆమెకు ముందు ఎవురో.

మొన్న పత్తికొండ ఉరుకుందమ్మకు
ఆపరేషనయి తెలివి రాలేదు.
కూతురు ఏడ్చి ఏడ్చి గొంతు పీలికలయింది.
పక్క మంచంలో కాశింబీ రవిక
ఉన్నట్టుండి తడిసింది.
ఆమె కొడుకు నిమ్మళంగా నిద్రపోతాండాడు.
"నా బిడ్డ కాదు గదే ఏడ్సేది"
అని తన రొమ్మునే కసిరింది.
అది వినలేదు.
"ఇట్లియ్యి ఆ పిల్లను" అనింది నాతో.

పొద్దున టీ తాగతా కాశింబీ అత్త లెక్క తేల్చింది:
"ఒకే పాలు తాగినారు. ఇంగ అన్నాచెల్లెళ్లు.
వీళ్లకు పెండ్లి హరాం."
ఉరుకుందమ్మ అవ్వకు నవ్వాగలేదు.
"పాలకే వావి పోతాదా?
మా పిల్లనిచ్చింది సొంత మేనమామకే!"
"తౌబా! అక్క కూతుర్నా?"
"మీరు చిన్నాయన కూతుర్ని చేసుకుంటారంట గదా,
శివశివా, చెల్లెలు గదమ్మా!"
ఇద్దరూ చెవులు మూసుకున్నారు,
ఒకరిని చూసి ఒకరు.

పాలు తాగకున్నా
ఆ ఇద్దరి పెండ్లి యా ఊర్లో జరిగేది?
కత్తులు లేచేవి.
ఆ మాట ఇద్దరికీ తెలుసు, ఎవురూ అనలేదు.
అవ్వ బన్ను తుంచి
పెద్ద ముక్క అత్తకిచ్చింది.

ఇంటికి పంపిన దినం
కాశింబీ వాళ్లతో ఐదునూర్లు తీసుకున్నా.
అవ్వ కొంగుముడి ఇప్పి రెండునూర్లు ఇచ్చింది.
వద్దందామని నోటిదాకా వచ్చింది.
అనలేదు. రవికలో దోపుకున్నా.

ఆ రాత్రి మూల తొట్టిలో కొత్త బిడ్డ ఏడిచింది.
తరవాత పదకొండు మందీ.
పాలెండి పద్దెనిమిదేండ్లయిన చోట,
ఆ నోట్ల కిందనే,
ఏందో సన్నగా లాగింది.